ఇనుము చేయని పని

మొన్న పని మీద కోరుట్ల వెళ్లిన మా తమ్ముడు, బస్టాండు ఎదురుగా కట్టిన ఒక ఫ్లెక్సీని ఫోటో తీసి నాకు పంపాడు. అందులో ఒకప్పుడు నా పరిశోధనకు గైడుగా ఉన్న సారు సూటు వేసుకుని నిలబడి ఉన్నారు, చేతిలో నీలం నీళ్లున్న ఫ్లాస్కు ఒకటి అతికించారు. మా ప్రయోగశాలలో తయారైనవన్నీ బురద రంగువి, మహా అయితే ఇటుక రంగువి. ఆయన చేతిలో నీలం ద్రవం నేను ఒక్కనాడూ చూడలేదు. కింద పెద్ద అక్షరాలతో "ఇనుముతో అద్భుతం చేసిన కోరుట్ల ముద్దుబిడ్డ" అని ఉంది. జగిత్యాలలో ఫంక్షన్ హాలు తీసుకుని సన్మానం చేస్తున్నారట, తొలి శిష్యురాలిని కనుక నేను నాలుగు మాటలు చెప్పాలట. నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు.

మా కాలంలో సిరిసిల్ల ఆడపిల్ల హైదరాబాదు వెళ్లి కెమిస్ట్రీలో పరిశోధన చేయడం వింతే. మా బాపు మరమగ్గం నడిపేవాడు, ఇల్లంతా ఆ చప్పుడే. ఆ చప్పుడులో చదివిన దాన్ని కనుక తరవాత ఏ ప్రయోగశాలలో ఏ పంపు మోగినా నాకు ఇబ్బంది అనిపించలేదు. అప్పట్లో కోరుట్లా సిరిసిల్లా ఒకే జిల్లా, మన జిల్లా మనిషి అని తెలిసి ఈ సారు దగ్గరే చేరాను. ఆయన పని ఏమిటంటే, రెండు బెంజీన్ వలయాలను ఒకదానికొకటి అతికించడం. మందుల తయారీలో ఇది చాలా అవసరం, కానీ అందరూ ఇందుకు పల్లాడియం అనే ఖరీదైన లోహాన్ని ఉత్ప్రేరకంగా వాడతారు. చవకైన ఇనుముతో ఆ పని చేయించానని సారు చెప్పుకునేవారు. గాలి తగలకుండా నైట్రోజన్‌లో ఆ ఇనుప సమ్మేళనాన్ని తయారు చేయడం, దానితో వలయాలు అతికించి చూపడం నా థీసిస్. చేసినప్పుడల్లా చక్కగా అతుక్కునేవి.

ఫ్లాస్కు లోపల ద్రవాన్ని కలియబెట్టడానికి తెల్లని పూత వేసిన చిన్న అయస్కాంతం ముక్క వేస్తాం, మేము దాన్ని బీడు అంటాం. ఒకసారి పాత బీడు కనిపించక కొత్తది విప్పి వేశాను. చర్య జరగలేదు. ఇనుము మార్చాను, ద్రావణి మార్చాను, జరగలేదు. పాత బీడు దొరికాక వేస్తే మళ్లీ జరిగింది. అప్పుడు దాన్ని వెలుతురులో పెట్టి చూస్తే పూత మీద పడిన గీతల్లో నల్లగా ఏదో పట్టి ఉంది. అంతకు ముందు అదే గదిలో పల్లాడియంతో పని చేసేవాళ్లు, ఆ లోహం గీతల్లో ఇరుక్కుంటే ఎంత కడిగినా పోదు. చివరికి ఇనుము అసలు వేయకుండా, ఒట్టి పాత బీడుతో చేశాను. వలయాలు ఎప్పటిలాగే అతుక్కున్నాయి.

ఈ సంగతి సారుకు చెబితే ఆయన కుర్చీలోంచి లేవలేదు. "కొత్త బీడు సరిగ్గ తిరుగుతలేదు, నీ చెయ్యే గట్లుంది. పాతదే ఏసుకో" అన్నారు. ఇంత చదివిన మనిషికి ఇంత చిన్న పరీక్ష అర్థం కాలేదే అని ఆ రోజు నాకు పట్టలేని చులకన కలిగింది. పేపరు సిద్ధంగా ఉంది, అందులో నా పేరూ ఉంది; ఒప్పుకుంటే డాక్టరేటు, లేదంటే వేరే గైడును చూసుకోమన్నారు. నాతో పాటు పనిచేసే సీనియర్ అన్న మారు మాట లేకుండా ఒప్పుకున్నాడు, తరవాత ప్రొఫెసరు కూడా అయ్యాడు, వెన్నెముక లేకపోవడం కొన్ని ఉద్యోగాలకు అర్హత కాబోలు. ఇంటికొచ్చి బాపుకు చెప్పుకుని ఏడిస్తే ఆయన మగ్గం ఆపి, "ఆయన ఇనుమంటే ఇనుమే అను బిడ్డా, నీదేం పోతది?" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు, ఆ మాట అనడానికి ఆయన ఎంత భయపడ్డాడో ముఖంలో తెలిసిపోయింది.

ఆ పేపరులోంచి నా పేరు తీయించుకున్నాను. మరో గైడు దగ్గర మొదటి నుంచి మొదలుపెట్టి, తోటివాళ్లు జీతాలు తీసుకుంటున్న వయసులో నేను ఇంకా ఫ్లాస్కులు కడుగుతూ, ఆలస్యంగానే అయినా నా సొంత పనితో డాక్టరేటు తెచ్చుకున్నాను. ఆ ఇనుము పేపరును మాత్రం లోకం నమ్మింది. చేసి చూసినా ఫలితం రానివాళ్లు తమ చెయ్యే మంచిది కాదనుకుని ఊరుకున్నారు, చేయనివాళ్లు పొగిడారు. సారుకు కమిటీలు, శాలువాలు వరస పెట్టి వచ్చాయి.

జగిత్యాలకు వెళ్లాను. వేములవాడ గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చుకుని ఎక్కిన జనంతో బస్సు కిక్కిరిసి ఉంటే సగం దారి నిలబడే వెళ్లాను, ఎందుకంటే ఈసారి మైకులో చెప్పేద్దామని నా పట్టుదల. ఉత్ప్రేరకం అనే మాట నోరు తిరగని పెద్దమనుషులు ఒకరి తరవాత ఒకరు సారును ఆకాశానికెత్తారు. నా వంతు వచ్చాక, ఆ చర్యలో ఇనుము చేసింది ఏమీ లేదని, పని చేసింది కడగని పల్లాడియమని, పొల్లు పోకుండా తెలుగులోనే చెప్పాను. హాలంతా చప్పట్లు కొట్టింది. ఒక్కరూ వినలేదు.

వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటే, సారు శాలువా సర్దుకుంటూ నా వైపు వంగి, చాలా మామూలుగా, "నాకెరుకనే బిడ్డా. నువ్వు నా దగ్గర చేరకముందే ఎరుక" అన్నారు.

ఇన్నేళ్లూ ఆయన్ని మొండివాడనీ తెలివితక్కువవాడనీ తిట్టుకున్నాను. అది కూడా ఎక్కువ మర్యాదేనని అప్పుడు తెలిసింది. ఆయన దగ్గర నాకు మిగిలిన మంచి జ్ఞాపకం ఒక్కటే. మొదటిసారి చర్య జరిగిన రోజు, చేతొడుగులు కూడా విప్పకుండా మెట్లన్నీ పరుగున ఎక్కి ఆయన గదికి వెళ్లాను. నా చేతిలోని, చర్య ఫలితం చుక్కల్లా కనిపించే చిన్న ప్లేటును ఆయన కిటికీ వైపు ఎత్తి చూసి, నవ్వి, శెభాష్ అని తల నిమిరారు. ఆ సంతోషంతో వారం పాటు అన్నం సహించలేదు. ఇప్పటి పిల్లలు తెలివైనవాళ్లు, ఏ ఫలితాన్నయినా కొత్త పాత్రలో మళ్లీ చేసి చూశాకే నమ్ముతారు, నా విద్యార్థులకు అలా నేర్పింది నేనే. వాళ్లలో ఎవరూ అలా మెట్లెక్కి నా దగ్గరికి పరుగెత్తి రాలేదు. మంచిదే అనుకుంటాను, కానీ ఆనాడు పరుగెత్తిన ఆ పిల్ల మీద నాకు ఇవాళ్టికీ ప్రేమే.