పసుపు అంటిన కార్డు

మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టకుండా వాడం. మిక్సీకి పెట్టాను, కుక్కర్‌కి పెట్టాను. మా ఆయన బండికి పెట్టిన పసుపు హెడ్‌లైటు అంచున ఇంకా కనబడుతుంది. నేను చదివింది తక్కువే గానీ, ఏ వస్తువుకు ఏ పండగ ముందర బొట్టు పెట్టానో అడిగితే ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాను. ఒక్కదాని సంగతి మాత్రం ఎవరూ అడగకపోయినా గుర్తొస్తూనే ఉంటుంది.

మేముండేది నంద్యాల. నా పుట్టిల్లు శిరివెళ్ల దగ్గర పల్లె. అక్కడ మా అన్నకు బండలాగుడు పోటీలకు కట్టే ఎద్దుల జత ఉంది. పెద్ద రాతిబండకు కట్టి తోలితే, ఇచ్చిన టైములో ఏ జత ఎక్కువ దూరం లాగితే అది గెలిచినట్టు. ఆ జతలో కుడివైపు కట్టే ఎద్దుకు ఒక అలవాటు ఉంది. బండ ఇరుక్కుని కదలకపోతే ముందరి మోకాళ్ల మీద కూలబడుతుంది. ఇంక అయిపోయిందిలే అని జనం అనుకునేలోపల ఒక్క ఊపున లేస్తుంది. ముందరి కాళ్లు రెండూ గాల్లో ఉంటాయి, బండ కదులుతుంది. అదంతా కన్నుమూసి తెరిచేలోపల అయిపోతుంది. మా అన్న ఫోనులో ఆ ఎద్దు ఫొటోలు బోలెడున్నాయి. అది లేచేటప్పటిది ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ దుమ్ము, తోక, ఎవరిదో తలకాయ.

ఎద్దు ముసలిదైంది. ఆళ్లగడ్డలో జరిగే పోటీయే దానికి ఆఖరిదని అన్న అనుకున్నాడు. అనుకున్న రోజే నా కూతురికి ఫోన్ చేశాడు. అది పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంది.

“పాపా, ఈసారి నువ్వు రావాల. అది మోకాలేసి లేచేది నాకు ఒక్కటి పడాల. గోడకు పెట్టుకుంటా.”

“తీస్తా మామా, నాకొదిలెయ్.”

ఒదిలెయ్యమని చెప్పింది గానీ దాని బాధ దానికుంది. కెమెరాలో బటన్ నొక్కి పట్టుకుంటే ఫొటోలు వరసగా టకటకా పడతాయి. కాసేపటికి ఆగిపోతాయి. కెమెరా చెడిపోలేదు, లోపలున్న కార్డు మెల్లగా రాసుకునే రకమంట. నాకు అర్థం కాలేదని పిండిమర సంగతి చెప్పింది. “మర పైన తొట్టి ఉంటాది కదమ్మా. నువ్వు జొన్నలు గబగబా పోస్తాండావనుకో. కింద రాయి మెల్లగా తిరిగితే తొట్టి నిండిపోతాది. ఇంక నువ్వు చేట పట్టుకోని నిలబడాల్సిందే. ఈ కార్డు ఆ రాయి లాంటిది.”

ఆ మాటతో నాకు అంతా తెలిసిపోయింది. కొత్త కార్డు కొనడానికి నంద్యాలలో కెమెరాల అంగడికి నన్నూ తీసుకుపోయింది.

అంగడాయన కార్డులు వరసగా పరిచాడు. గోరంత ఉన్నాయి. నేను ఊరుకోలేక, “ఎక్కువ పట్టేది తీసుకో పాపా, మళ్లీ మళ్లీ కొనాల్సిన పని లేదు” అన్నాను.

“ఎక్కువ పట్టేది కాదు మా, బిరబిరా మింగేది కావాల” అంది నా కూతురు.

అంగడాయన నవ్వి నాకు చెప్పాడు. “చూడక్కా, పైన పెద్దగా రాసిన ఈ అంకె నమ్మొద్దు. అది కార్డులోంచి బయటికి తీసేటప్పటి వేగం. లోపలికి రాసుకునే వేగం వేరే. ఈ మూలన ‘వి’ పక్కన చిన్న అంకె ఉంది చూడు, అంతకు తగ్గకుండా రాస్తానని దాని మాట.” తర్వాత ఒక కార్డు తిరగేసి వేలు పెట్టి చూపించాడు. “వెనక ఈ బంగారు గీతలు రెండు వరసలున్నాయా? మామూలు వాటికి ఒకటే వరస. దీని బలమంతా ఈడనే ఉంది. పాపా, నీ కెమెరాకు రెండో వరస పట్టుకునే పిన్నులు ఉండాయా, లేకుంటే ఇది కొన్నా దండగే.”

ఉన్నాయని నా కూతురు మూత తెరిచి చూపించింది. అక్కడే కార్డు వేసి, కెమెరాను పైన తిరిగే ఫ్యాను వైపు పెట్టి బటన్ వదలకుండా నొక్కింది. కెమెరా గొంతు ఆగలేదు. నా కూతురి మొహం చూడాలి ఆ పూట.

పోటీ రోజు పొద్దున్నే అది స్నానానికి పోయింది. కెమెరా సంచి, కార్డు దేవుడి గూటి పక్కన బల్ల మీద ఉన్నాయి. కొత్త వస్తువు, మా అన్న ఆశ పెట్టుకున్న వస్తువు. పసుపు తడిపాను. ఎక్కడ పెట్టాలా అని కార్డు అటూ ఇటూ తిప్పాను. బలమంతా ఈడనే ఉందని అంగడాయన చూపించిన చోటు నాకు బాగా గుర్తుంది. ఆ బంగారు గీతల మీదే పసుపు రాసి, కుంకుమ అద్ది, దండం పెట్టి, ఆరనిచ్చి డబ్బీలో పెట్టేశాను. నా జ్ఞాపకశక్తి ఎప్పుడూ నాకు మంచే చేసింది, ఆ పొద్దు తప్ప.

ఆళ్లగడ్డలో జనం, మైకు, దుమ్ము. మా జత పేరు పిలిచాక నా కూతురు, బండ లాగే దారికి గీసిన సున్నపు గీత పక్కన మోకాళ్ల మీద కూర్చుని కార్డు వేసింది. కెమెరా కార్డు లేదంటోంది. తీసి చూసింది.

“ఏందిమా ఇది, పచ్చగా?”

“బొట్టు పెట్టినా.”

“యాడ?”

“ఆ గీతల మీదనే... ఆయన అదే కదా మంచిదన్న్యాడు.”

చున్నీతో తుడిచింది, ఊదింది. ఆ సందుల్లో ఎండిపోయిన కుంకుమ ఎర్రగా అట్లే ఉంది. ఇంకోసారి వేసి చూసింది. తర్వాత సంచి అడుగు నుంచి పాత కార్డు తీసింది. అప్పటికే మా అన్న చర్నాకోల ఎత్తాడు.

ఆ సున్నపు గీత చివర బండ ఇరుక్కుంది. ఎద్దు తల దించింది. నా కూతురు నొక్కింది. టకటకటక... ఆగిపోయింది. కెమెరా వెనక ఎర్ర లైటు కొట్టుకుంటోంది. చుట్టూ జనం ఒక్కసారిగా కేక పెట్టారు. ఈలలు. లైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. నేను ఆ లైటునే చూస్తున్నాను. ఆఖరిసారి అది లేవడం నా కళ్లతో నేను కూడా చూడలేదు.

మా అన్న చెమటతో మా దగ్గరికొచ్చాడు. “పడిందా పాపా?”

“లే మామా. కార్డు...”

దాని మాట పూర్తి కానివ్వలేదు నేను. “నేను చేసినా అన్నా. కొత్త కార్డుకు పసుపు పెట్టి చెడగొట్టినా. ఆ పిల్లను ఏమీ అనొద్దు.”

ఆయన కెమెరా తీసుకుని చూశాడు. ఒక ఫొటోలో ఎద్దు తల దించి ఉంది. దాని తర్వాతిదాంట్లో బండ ముందుకు జరిగిపోయి ఉంది, మనుషులు ఎగురుతున్నారు. ముందుకు నొక్కాడు, వెనక్కు నొక్కాడు. మళ్లీ ముందుకు. నాకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది.

“ఎద్దు నొసలు ఇంతుండాది గదమే” అన్నాడు చివరికి, చెయ్యి వెడల్పు చేసి చూపిస్తూ. “అది కండ్లకు కనపడలే నీకు? గోరంత దాన్ని ఎతికి పెట్టినావా?”

పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే అంగడాయన స్పిరిట్ దూదితో తుడిచి ఇచ్చాడు. కార్డుకు ఏమీ కాలేదు. బ్రహ్మాండంగా పనిచేసింది. నా కూతురు ఆ కార్డు వేసుకుని మా అన్న ఊరికి పోయి, కొట్టంలో ఎద్దు ముందు కూర్చుని బటన్ నొక్కి పట్టుకుంది. కెమెరా ఒక్కసారి కూడా ఆగలేదు. ఎద్దు గడ్డి నములుతోంది. ఎన్ని ఫొటోలు చూసినా అదే ఎద్దు, అదే గడ్డి. ఒకదాంట్లో చెవి కొంచెం కదిలింది. మా అన్న అదే కావాలన్నాడు.

పటం కట్టించి తీసుకుపోయినప్పుడు నా కూతురు నన్ను ఎగతాళి చేసింది. “దీనికి గాజుంది మా. పెట్టుకో నీ బొట్టు, ఏం కాదు.”

బతికున్నదాని పటానికి బొట్టు పెట్టకూడదని ఆ పిల్లకు తెలియదు. పటం దాని చేతికే ఇచ్చి, గిన్నెలో పసుపు తడుపుకుని కొట్టంలోకి పోయాను. ఎద్దు మోకాళ్ల దగ్గర వెంట్రుకలు రాలి చర్మం నల్లగా గట్టిపడి ఉంది. నొసటి మీద చెయ్యంత వెడల్పు రాశాను. తల ఎగరేసి నా చీరంతా పసుపు చేసింది.

గడప దగ్గర నిలబడి మా అన్న చూస్తున్నాడు. “ఇప్పుడు సరింగా పెట్టినావు లే” అన్నాడు.