ముప్ఫై రెండో గెంతు

ఈల మాస్టారు ఈల ఊదాడంటే గోడ మీద నడిచే పిల్లి గోడకే అతుక్కుపోయేది. నమ్మకపోతే మానేయండి, నాకేం నష్టం! అంతటి మనిషికి పిల్లల జైల్లో డ్రిల్లు మాస్టారి ఉద్యోగం. లోపల ముప్ఫై ఒక్కమంది కుర్రాళ్లు. పొద్దస్తమానం మంచాల మీద దొర్లి దొర్లి, పరుపులకి మనిషి ఆకారాలు పడిపోయాయి.

ఆటకిచ్చేది నలభై నిమిషాలు. వెళ్లేటప్పుడు వరసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టడం, వచ్చేటప్పుడు మళ్లీ అదే తంతు. దానికే పాతిక నిమిషాలు గాలికి పోయేవి. మిగిలినదాంట్లో బంతికి గాలి కొట్టేసరికి గంట మోగేది.

ఓ రోజు మాస్టారి బుర్రలో మెరుపు మెరిసింది. నిలబెట్టి లెక్కపెట్టడం ఎందుకు? గుమ్మంలో ఓ పొట్టి బెంచీ అడ్డంగా వేశాడు. ఒక్కొక్కడూ పరుగున వచ్చి, దాని మీంచి గెంతుతూ తన నంబరు అరవాలి. లెక్కకి లెక్కా, కసరత్తుకి కసరత్తూ!

సూపరింటెండెంటు కళ్లజోడు పైనుంచి చూశాడు. "సరే మాస్టారూ. కానీ ఒక్కసారి లెక్క తప్పిందా, గ్రౌండుకి తాళమే."

మొదటి వారం అందరూ మూలిగారు. రెండో వారానికి లెక్క రెండు నిమిషాల్లో పూర్తి! మూడో వారం ఈల కోసం తలుపు దగ్గరే కాచుక్కూర్చున్నారు. తలుపు కాసే లావుపాటి వార్డెన్‌ని ఒకటే ఆటపట్టించడం.

"బాబాయ్, నువ్వు గెంతితే బెంచీ ఏడుస్తుందా, భూమి ఏడుస్తుందా?"

"పోండ్రా వెధవల్లారా! మీ వయసులో నేను గోడలు దూకా!"

"అందుకేనా బాబాయ్, ఇక్కడే ఉండిపోయావ్?"

ఆ సాయంత్రం ఆట అయ్యాక అందరూ లోపలికి గెంతుతున్నారు. "ముప్ఫై! ముప్ఫై ఒకటి!" మాస్టారు హమ్మయ్య అనుకున్నాడో లేదో, వెనకనుంచి ఇంకో గొంతు.

"ముప్ఫై రెండు!" దభేల్!

కిటికీలో సూపరింటెండెంటు తల కనిపించింది. మాస్టారి గుండె ఎంత కిందికి జారిందంటే, బూట్లు విప్పి వెతుక్కోవాల్సిందే.

తీరా చూస్తే వార్డెన్ బాబాయ్! బెంచీకి ఇవతల కూలబడి, రొప్పుతూ నవ్వుతున్నాడు. కుర్రాళ్ల కేకలకి పైకప్పు జానెడు లేచింది.

సూపరింటెండెంటు చేతిలో తాళంకప్పతో దిగొచ్చాడు. "లెక్క తప్పింది మాస్టారూ."

మాస్టారు ఓ అడుగు ముందుకేశాడు.

"తప్పింది సార్. కానీ తగ్గలేదు, పెరిగింది! ఇక్కణ్ణుంచి బయటికి దూకేవాళ్లని చూశాం గానీ, లోపలికి దూకినవాణ్ణి ఎప్పుడైనా చూశామా?"

సూపరింటెండెంటు మీసం కదిలింది. తాళంకప్ప జేబులో పడేసుకుని, బెంచీ ఎత్తు కంటితోనే కొలిచాడు. "రేపు నేనొస్తే నా నంబరెంత?"

"ముప్ఫై మూడు సార్!" ముప్ఫై ఒక్క గొంతులు ఒక్కసారే లేచాయి.

ముప్ఫై రెండోవాడు మాత్రం ఇంకా లేవలేదు.