ఏటవాలు మీద ఆగే బండి

అతని కుడిచేతి బొటనవేలు ఊరుకోదు. ఎవరితోనైనా మాట్లాడుతున్నా, గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడినా, మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నా, ఆ వేలు గాలిలో దేన్నో నొక్కుతుంది, వదులుతుంది, మళ్ళీ నొక్కుతుంది. రాళ్ళదారుల్లో తిరిగే నాలుగు చక్రాల క్వాడ్ బండికి రేజ్ ఇచ్చే మీట సరిగ్గా ఆ వేలి కిందే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో భార్య ఆ వేలిని గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయేది. తర్వాత మానేసింది.

"నిద్రలో కూడా ఎక్కడికో పోతూనే ఉంటారు. పోనీ, నన్ను ఎక్కించుకుంటారా అంటే అదీ లేదు," అంటుంది.

వీధిలో అందరూ అతన్ని పిల్లి అంటారు. కాలుగాలిన పిల్లి అని మొదట అన్నది తండ్రి. ఆయన దర్జీ. కొడుకును కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి చొక్కా చేతికిచ్చి బయటికి వెళ్తే, తిరిగొచ్చేసరికి చొక్కా అలాగే ఉంది, మిషను మాత్రం ముక్కలు ముక్కలుగా నేల మీద ఉంది. కొడుకు దాన్ని మళ్ళీ బిగించాడు. ముందుకంటే మెత్తగా తిరిగింది. అయినా తండ్రి సంతోషించలేదు. "కూర్చుని తినే రాత వీడికి లేదు," అన్నాడు.

రాత సంగతేమో కానీ, కూర్చోవడం నిజంగానే లేదు. కొండ మొదట్లో అతని రేకుల షెడ్డు. అందులో ఒకే ఒక్క స్టూలు. అది వచ్చినవాళ్ళ కోసం. అతను నిలబడో, వంగో, బండి కింద పడుకునో పని చేస్తాడు. టీ గ్లాసు కిటికీలో చల్లారిపోతుంది. దాంట్లో పడిన చీమలను తీసేసి తాగుతాడు. ఒక నట్టు బిగిస్తూ రెండో నట్టు వైపు చూస్తాడు. బండి వచ్చిందంటే, డాక్టరు నాలుక చాపమన్నట్టు, ముందు పెట్రోలు ట్యాంకు మూత తీసి లోపలికి చూస్తాడు. ఆ మూత పని అయ్యేదాకా సీటు మీదే పడి ఉంటుంది.

చెల్లెలు నీళ్ళ ఆఫీసులో పని చేస్తుంది. కొండ మీద ఊరికంతటికీ నీళ్ళిచ్చే పెద్ద ట్యాంకు ఉంది. రోజూ పొద్దున ఆమె ఆఫీసు క్వాడ్ వెనక క్లోరిన్ డబ్బాలు కట్టుకుని పైకి వెళ్ళి, మందు కలిపి, వాల్వు తిప్పుతుంది. ఆ తర్వాతే కింద కుళాయిలు దగ్గుతాయి. బండి రిపేర్లు అన్నకు ఇప్పించింది కూడా ఆమే. "మా అన్నయ్య చేతిలో పెడితే చాలు సార్," అని సూపర్వైజరుకు మాటిచ్చింది.

ఇప్పుడు ఆ బండికి పికప్ పోయింది.

చదును నేల మీద బాగానే పరిగెడుతుంది. ఏటవాలు సగం ఎక్కాక, బరువుకు మీట పూర్తిగా నొక్కేసరికి, ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఇంజను ఎగపోస్తుంది. ఇంకా నొక్కితే ఇంకా నీరసిస్తుంది. తర్వాత ఆగిపోతుంది. పిల్లి మొదటిసారి ప్లగ్గు మార్చాడు. షెడ్డు ముందు స్టార్ట్ చేసి నొక్కితే గర్జించింది. తీసుకెళ్ళమన్నాడు. మర్నాడు మళ్ళీ ఆగింది. కార్బొరేటరు విప్పి, జెట్టు రంధ్రంలో ఊది, ఫిల్టరు మార్చి, పాత పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. షెడ్డు ముందు మళ్ళీ గర్జించింది.

ఆ తర్వాతి రోజు అది కొండదారి మలుపు దగ్గర ఆగడమే కాదు, వెనక్కి జారింది. బ్రేకు పట్టింది కానీ కంకర పట్టలేదు. వెనక చక్రం లోయ అంచున ఉన్న ఒక రాయికి తగిలి నిలిచింది. రాయి అవతల ఏమీ లేదు. చెల్లెలు షెడ్డుకు వచ్చి, స్టూలు మీద కూర్చుని, మోచేతికి అంటిన మట్టి దులుపుకుంటూ చెప్పింది.

"ఆ రాయి లేకపోతే నేనూ లేను అన్నయ్యా."

అతను బండి చుట్టూ తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు.

"ప్రదక్షిణాలు చేస్తే బాగవుతుందా?" అంది ఆమె.

"ఇక్కడ బాగానే ఉంటోందే! నువ్వు చూశావుగా."

"ఇక్కడ నాకేం పని? నా పని పైన."

"రేపు ఇంకో బండి అడుగు."

"ఇంకో బండి లేదు. మందు కలపకుండా నీళ్ళు వదలకూడదు. వదలకపోతే ఊరంతా బిందెలతో నా మీదికొస్తుంది. రేపు పొద్దున నేను ఎక్కాలి. నువ్వే చెప్పు, ఎక్కనా వద్దా?"

అతను గ్రీజు గుడ్డతో శుభ్రంగా ఉన్న చేతులను తుడుచుకున్నాడు.

"పద. నా కళ్ళ ముందు ఆగనీ," అన్నాడు.

ఎండ ఇంకా ఉంది. ఆమె సీటు మీదున్న పెట్రోలు మూత బిగించి, ఖాళీ డబ్బాల్లో నీళ్ళు నింపి వెనక కట్టింది. ఆమె నడుపుతుంటే అతను పక్కనే పరిగెత్తుతూ వచ్చాడు. లోయ వైపు ఆమె, కొండ వైపు అతను. మలుపుకు ముందు ఇంజను శబ్దం సన్నబడింది. ఆమె నొక్కింది. ఇంజను రెండుసార్లు వెక్కింది. ఆగింది. అతను చక్రం వెనక రాయి పెట్టాడు. ఆ వెంటనే చేయి ట్యాంకు మీదికి పోయింది.

ఆమె ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"ముట్టుకోకు!"

"లోపల చూడాలి కదే..."

"నువ్వు చెయ్యి పెడితే ఇది మంచి పిల్లయిపోతుంది. అత్తగారి ముందు ఒకలా, మొగుడి ముందు ఒకలా. ముందు దీని అసలు మొహం చూడనీ."

ఆమె స్టార్టు చేసింది. ఇంజను అందుకుని, దగ్గి, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. అతను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకల్లో దోపుకున్నాడు.

"ఇప్పుడు," అంది ఆమె, "నువ్వు ఎప్పుడూ ముందు చేసేది చెయ్యి. ఒక్కటే. రెండోది చేశావంటే చెయ్యి విరిచేస్తా."

అతను మూత తిప్పాడు.

స్స్ మని చప్పుడైంది. చిన్నదే. నీళ్ళలోంచి పైకొచ్చిన మనిషి గాలి పీల్చినట్టు. షెడ్డులో, పక్కన ఇంకో ఇంజను మోగుతుండగా, ఎప్పుడూ వినబడని చప్పుడు. ఇద్దరూ ట్యాంకు వైపే చూశారు. కాసేపాగి ఆమె స్టార్టు చేసి మీట నొక్కింది. కొండ మారుమోగింది.

పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి దాని చోటులోకి గాలి రావాలి. అందుకే మూతకు సూది మొనంత రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే, బరువు మీద ఎక్కువ పెట్రోలు తాగే వేళకు ట్యాంకు బిగదీసుకుంటుంది, చుక్క వదలదు. మూత తీస్తే రోగం లేదు. అతను రోజూ రోగాన్ని తీసి సీటు మీద పెట్టి, మిగతా ఒళ్ళంతా వెతికాడు.

మూత తిరగేశాడు. రంధ్రం మీద నల్లటి జిగురు. వేలితో నున్నగా, శ్రద్ధగా రాసినది.

"ఎవరు రాశారు దీన్ని?" అంది చెల్లెలు.

"నేనే."

"నువ్వా? ఎందుకు?"

"కుదుపుల్లో పెట్రోలు చిమ్మి మోకాలి మీద పడుతోందన్నావు."

"అన్నాను."

"వాసనకు కళ్ళు తిరుగుతున్నాయన్నావు."

"అన్నానయ్యా. తలనొప్పి అంటే గొంతు నొక్కేస్తావా?"

అది నవ్వుతూనే అంది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె అంచున ఉన్న రాయి వైపు చూసింది. అతను చూడలేదు. జేబులోంచి పిన్నీసు తీసి జిగురు గీకాడు. పిన్నీసు రెండుసార్లు జారింది. రంధ్రం లోంచి వెలుతురు కనబడేదాకా గీకాడు.

"దీనికి సన్న గొట్టం బిగిస్తాను. చిమ్మినా కిందికి పోతుంది. నీ మీద పడదు. ఇక ఆగదు."

"ఆగదా?"

"ఆగదు."

"పోయినసారీ ఇదే అన్నావు. అంతకుముందూ ఇదే అన్నావు." ఆమె గొంతు పెంచలేదు. "బాగైందని చెప్పేది నువ్వు. ఎక్కేది నేను. నువ్వు ఎప్పుడైనా ఈ మలుపు మీద బండి నడిపావా అన్నయ్యా?"

నడపలేదు. లోతు చూడాలంటే అతనికి భయం. మిద్దె మీద బట్టలు ఆరేయడానికి కూడా భార్యనే పంపుతాడు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఈ రోజు చెల్లెలు అంది. అని, బండిని న్యూట్రల్ చేసి, బ్రేకు పట్టుకుంటూ మెల్లగా దింపుకుపోయింది. అతను కొండ రాళ్ళు పట్టుకుని వెనకే దిగాడు.

చీకటి పడేలోపే గొట్టం బిగించాడు. ఇంటికొచ్చి తలుపు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి తలుపు దాకా నడిచాడు.

"దొరికిందన్నారుగా, ఇంకేంటి?" అంది భార్య.

"దొరికింది."

"మరి కూర్చోండి. నేల అరిగిపోతే అది రిపేరు చెయ్యడం మీకు రాదు."

"చెల్లిని ఎక్కమని నేనెలా చెప్పను?"

ఆమె అన్నం గిన్నె అతని ముందు పెట్టింది. అతను నిలబడే తిన్నాడు.

మర్నాడు పొద్దున చెల్లెలు కొండ మొదటికి వచ్చేసరికి బండి బయటే ఉంది. నిండు క్లోరిన్ డబ్బాలు వెనక కట్టి ఉన్నాయి. అతను సీటు మీద ఉన్నాడు. ఆమె తాళం కోసం చేయి చాపింది. అతను ఇవ్వలేదు.

"దిగు అన్నయ్యా. నిన్న ఏదో కోపంలో అన్నాను."

"నువ్వు నడిచి రా."

మొహం కొండ వైపు తిప్పుకుని బండిని పైకి ఎక్కించాడు. మలుపు దగ్గర కళ్ళు సగం మూశాడు, మీట మాత్రం వదల్లేదు. కింద నుంచి ఆమెకు ఇంజను శబ్దం ఒక్కటే వినబడింది. అది ఎక్కడా సన్నబడలేదు.

ఆమె రొప్పుతూ పైకి చేరేసరికి అతను డబ్బాలు దించి నీళ్ళ ట్యాంకు గోడ పక్కన వరసగా పెట్టాడు. తాళం ఆమె చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు చెప్తున్నాను. ఎక్కు," అన్నాడు.

దిగేటప్పుడు మాత్రం, ఆమె ఎంత పిలిచినా బండెక్కకుండా, కొండ వైపు రాళ్ళను చేత్తో తడుముకుంటూ నడిచి వచ్చాడు.