ఎనిమిదో నెల పిల్ల

నా బిడ్డ ఎనిమిదో నెలలో పుట్టింది. ఇంకో నెల ముందు పుట్టినా బాగుండునని మా అత్తమ్మ ఏడ్చింది. ఏడో నెల పిల్లలు బతుకుతారట, ఎనిమిదో నెల పిల్లలు నిలవరట. మా దిక్కు ఈ మాట అననివాళ్లు లేరు. కడుపులో ఎన్నాళ్లు ఎక్కువుంటే ఊపిరితిత్తులు అంత గట్టిపడతాయని మంచిర్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. అత్తమ్మ తలూపి, బయటికొచ్చి మళ్లీ ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

బిడ్డ కిలోన్నర కూడా లేదు. కొన్నాళ్లు వేడి పెట్టెలో ఉంచారు. తనంతట తాను ఊపిరి తీసుకోవడం కుదిరాక తెచ్చి నా గుండెల మీద పెట్టారు. బట్ట అడ్డం లేకుండా ఒంటికి ఒళ్లు ఆనించి, పైన గుడ్డ చుట్టి, వీలైనంతసేపు అలాగే ఉంచాలి. ఒళ్లు చల్లబడితే పిల్ల మళ్లీ మొదటికొస్తుందని నర్సమ్మ హెచ్చరించింది. చల్లబడనిస్తే కదా అనుకున్నాను. మొండిదాన్నని చిన్నప్పటి నుంచీ నాకు పేరు. కూర్చునే తిన్నాను, కూర్చునే కునుకు తీశాను.

అత్తమ్మ మాత్రం ఆసిఫాబాద్ దగ్గరి ఊరి నుంచి వచ్చిన నాటి నుంచీ బిడ్డను ముట్టలేదు. నాకు అన్నం తెచ్చేది, జుట్టు దువ్వేది, కాళ్లు పిసికేది. పిల్ల వైపు చూసేది కాదు. నస్పూర్‌లో మేముండే గని క్వార్టర్‌లో మా ఆయన ఊయలకు కొక్కెం బిగించబోతే వద్దందట. ఆమెకూ ఒకప్పుడు ఎనిమిదో నెలలో ఒక బిడ్డ పుట్టి పోయిందని అప్పుడే ఆయన నోట విన్నాను. జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

అంతలో నా కుట్లు చీము పట్టి జ్వరమొచ్చింది. తగ్గేదాకా బిడ్డను ఇంకెవరైనా ఎత్తుకోవాలన్నారు. నన్ను కన్న అవ్వ ఎప్పుడో పోయింది. మా ఆయన బొగ్గు బాయిలోకి దిగాడు, అక్కడికి ఫోన్ పోదు. ఇక మిగిలింది అత్తమ్మ. నర్సమ్మ అడిగితే, తనతో కాదని గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"ఎత్తుకుంటే మాయ వడ్తది బిడ్డా, ఇడువబుద్ది గాదు. ఎనిమిదో నెలది నిలువది. ఇంకోసారి నేను తట్టుకోను."

"నిలువదని నీకు ముందుగాలనే ఎర్కైతే ఇంక భయమెందుకు అత్తమ్మా? ఉన్నన్ని దినాలు ఎచ్చగ ఉండనియ్యి."

ఆ మాట అన్నందుకు నాకు ఇవాళ్టికీ బాధ లేదు. అత్తమ్మ పోయి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చి, రవికె విప్పి కుర్చీలో కూర్చుంది. నర్సమ్మ బిడ్డను ఆమె ఎద మీద బోర్లా పడుకోబెట్టి గుడ్డ చుట్టింది. పిల్ల ఒకసారి మూలిగి సర్దుకుంది. అత్తమ్మ పిల్ల వీపు మీద చెయ్యి వేసి అలాగే పట్టుకుంది.

జ్వరం తగ్గాక నా బిడ్డను నాకిమ్మని చేతులు చాపాను. ఇవ్వలేదు.

"జర ఆగు. గిప్పుడే నిద్రవోయింది."

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి అడిగినా అదే జవాబు. నవ్వాలో కొట్లాడాలో నాకు తెలియలేదు.

ఇప్పుడు పిల్ల బడికి పోతోంది. మరీ సన్నగా ఉందేమని క్వార్టర్ల వాళ్లు ఎవరైనా అడిగితే అత్తమ్మ తడుముకోకుండా చెబుతుంది, ఏడో నెలలో పుట్టిందని. మొదటిసారి విన్నప్పుడు నేను ఊరుకోక, ఎనిమిది కదా అన్నాను.

"ఏడే," అంది నా కళ్లలోకి చూస్తూ. "ఎవ్వలడిగినా ఏడే అను."

అప్పటి నుంచీ నేనూ ఏడే అంటున్నాను.