వంతెన నడిమధ్య మూరెడు చోటు

సముద్రంలో కలిసే ముందు మా ఏరు ఎంత వెడల్పవుతుందంటే, అవతలి ఒడ్డున మనిషి నిలబడితే ఇక్కడికి కనపడడు. దాని మీదే పాత రైలు వంతెన. మా తాత బతుకంతా ఆ వంతెనకు వెండిరంగు వేయడంతోనే గడిచిపోయింది. ఈ కొసన మొదలుపెట్టి నడిమధ్యకు చేరేసరికి, మొదట వేసిన చోట తుప్పు పళ్ళికిలించేది. మళ్ళీ మొదటికి రావాలి. "తుప్పు ఉన్నంతకాలం నా ఉద్యోగానికి ఢోకా లేదు" అని తాత మీసం దువ్వుకునేవాడు.

అవతలి కొస నుంచి ఇంకో ముఠా రంగు వేసుకుంటూ వచ్చేది. దాని మేస్త్రి అమ్మమ్మ వాళ్ళ నాన్న, అంటే తాతకు పిల్లనిచ్చిన మామ. రెండు ముఠాల మధ్యా ఒక మర్యాద ఉండేది. నడిమధ్యకు ముందు చేరినవాళ్ళు ఒక దూలం మీద మూరెడు చోటు వదిలేయాలి. వెనక వచ్చినవాళ్ళు దాన్ని పూర్తిచేసి అందరికీ టీ ఇప్పించాలి.

ఒకసారి మామగారు అందరి ముందూ అల్లుడి డబ్బాలో పుల్ల తిప్పి, "ఇది రంగా, కిరసనాయిలా?" అన్నాడు. తాతకు ఒళ్ళు మండింది. "వణికే మీ చేతికన్నా నా రంగే నయం" అనేశాడు. అంతే, మాటలు ఆగిపోయాయి. ఆ ఏడు తాత మూరెడు వదిలి వచ్చేశాడు. మామగారు అక్కడిదాకా వచ్చి, "ఆ పొగరుబోతు వదిలింది నాకెందుకు" అని వెనుదిరిగాడు. ఇద్దరు మొండిఘటాల పుణ్యమా అని ఆ చోటు తుప్పుపట్టింది.

మధ్యలో నలిగిపోయింది అమ్మమ్మ. పుట్టింటికి వెళ్తానంటే తాత మూతి ముడిచేవాడు. క్రమంగా వెళ్ళడమే మానేసింది. చివరికి తండ్రి పని మానేస్తున్నాడని కబురు వచ్చింది. ఆ పొద్దున తాత కంచం ముందు కూర్చుంటే, వడ్డించకుండా నిలబడిపోయింది.

"రేపటితో మా నాన్న వంతెన దిగిపోతాడు. ఆ తర్వాత మీరిద్దరూ కలిసే చోటంటూ ఉండదు. నాకు ఆయనా కావాలి, మీరూ కావాలి. ఇవాళే తేల్చుకుని రండి."

తాత తినకుండానే లేచాడు. నడిమధ్యకు వెళ్ళేసరికి మామగారు ఆ దూలం ముందే కుంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెయ్యి నిజంగానే వణుకుతోంది. తాత పక్కన కూర్చుని తుప్పు గోకడం మొదలుపెట్టాడు. కాసేపటికి మామగారు తన డబ్బా ఇటు జరిపాడు.

"నాది వాడు అల్లుడూ. ఇందులో కిరసనాయిలు లేదు."

తాతకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒక పూత తను వేశాడు. అది ఆరాక దాని మీద ఇంకో పూత మామగారు వేస్తుంటే, చెయ్యి వణికినప్పుడల్లా తాత ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ మర్నాడే అమ్మమ్మ పుట్టింటి రైలెక్కింది.

మామగారు పోయాక కూడా తాత ప్రతిసారీ ఆ చోటుకు రెండు పూతలు వేసేవాడు. ఎందుకని అడిగితే, "ఒకటి నాది, ఇంకోటి మామగారి వాటా" అనేవాడు.

ఇప్పుడు పక్కనే రోడ్డు వంతెన వచ్చింది. రైళ్ళు కూడా కొత్త దారి పట్టాయి. పాతదానికి రంగు వేసేవాళ్ళు లేరు, తాతా లేడు. ఆ కుంచెలు, ఆ టీ గ్లాసులు తలుచుకుంటే నాకు బెంగగా ఉంటుంది. మొన్న అమ్మమ్మను రోడ్డు వంతెన మీదికి తీసుకెళ్ళాను. నడిమధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని చూసింది. పాత వంతెనంతా ఎర్రగా తుప్పుపట్టి ఉంది. ఆ దూలం మీద మాత్రం మూరెడు మేర వెండిరంగు అలాగే ఉంది.

అమ్మమ్మ చాలాసేపు చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"చూశావే, తుప్పుకు కూడా మధ్యలో సందివ్వలేదు ఇద్దరూ" అంది.