పక్కింటికి మొదటి అరిసె

అరవైల చివర యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పదకొండో నెల వచ్చినా మావాడు నిలబడలేదు. "మావాడు తొమ్మిదికే నడిచాడండీ," అని పక్కింటావిడ రోజూ వడ్డించేది. వీడు నడిచిననాడు ఆమెకు తప్ప అందరికీ అరిసెలు పంచుతానని శపథం చేశాను.

బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడకు ఆ శపథం చెప్పుకున్నాను. ఆమె వాణ్ని ఒళ్లో నిలబెట్టుకుని, నాలుగు తన్నులు తిని నవ్వింది. "కాళ్లు గట్టిగనే ఉన్నయి బిడ్డా. ఇయ్యకుంటే ఆమెకేం తెలుస్తది? మొదాలు ఆమెకే ఇయ్యి. వీన్ని నడిపించుకుంట పో," అని తార్నాకలో దిగిపోయింది.

పుట్టినరోజుకు ముందే వాడు నడిచాడు. నా అరిసెలు రాళ్లని మావారు ఎప్పుడూ అనేవారు. వాటిలో పెద్దది వాడి చేతికిచ్చి పక్కింటి గడప దాటించాను.

ఆవిడ కొరికి, దవడ పట్టుకుంది. "గట్టిగా ఉన్నాయండీ."

"మావాడి కాళ్లూ అంతేనండీ," అన్నాను.