నాలుగు గ్రంథులకు తరుగు లెక్క

నా భార్య మెడలోంచి పోయినవి: థైరాయిడ్ మొత్తం, దానికి అంటుకుని పొరపాటున వచ్చేసిన పారాథైరాయిడ్ గ్రంథులు రెండు. లోపలే మిగిలినా పని చేయనివి ఇంకో రెండు. చీరలకు ఫాల్ కుట్టే పని కూడా పోయింది. వేళ్లు కొంకర్లు పోతుంటే సూది నిలవదు.

థైరాయిడ్ గడ్డ ఆపరేషన్‌కు ముందు ఆమె రక్తపరీక్ష దగ్గర ఉండగా, కర్నూలు డాక్టరు నన్నొక్కణ్ణే పిలిచారు. థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయని, ఒంట్లో కాల్షియం వాటి చేతిలో ఉందని, కొవ్వులో కలిసిపోయి అవి సులభంగా దొరకవని చెప్పారు. మనకు కనపడని ఒక రకం వెలుతురు వేస్తే అవి వాటంతటవే మెరుస్తాయట. ఆ మెరుపును పట్టే కెమెరా హైదరాబాదు నుంచి రావాలి, పన్నెండు రోజులు పడుతుంది.

"అన్నీ దక్కుతాయని మాట ఇయ్యలేనప్పా. వెతకడం మాత్రం సులభమైతాది. ఈ గడ్డకు తొందర లేదు, ఆగొచ్చు" అన్నారు.

నేను కడప బండలు కొలిచేవాణ్ణి. చదువు ఏడుతో ఆగినా, చదరపు అడుగుల లెక్కలో నన్ను తప్పుపట్టినవాళ్లు లేరు. పన్నెండు రోజులు ఆగితే, సరిగ్గా ఆపరేషన్ నాటికే ఎర్రగుంట్ల నుంచి కల్లూరుకు రెండు లారీలు వస్తాయి. నేను కొలిస్తే తప్ప సరుకు దిగదు. దారిలో పగిలేవాటికి ముందే తరుగు తీసేసుకోవడం మా పనిలో అలవాటు. డాక్టరు ఎదుట కూర్చుని అదే లెక్క వేశాను. నాలుగింట్లో ఒకటి పోయినా మూడుంటాయి కదా. కెమెరా వద్దన్నాను.

బయట ఆమె అడిగితే, మామూలు ఆపరేషనే అని చెప్పాను. ఆమెను అడగాలని తోచలేదని రాయబోయాను. తోచింది. ఆగుదామంటుందేమోనని అడగలేదు.

ఆపరేషన్ అయిన మరుసటి రోజే పెదాల చుట్టూ చీమలు పాకినట్టుందంది. మధ్యాహ్నానికి చేతులు బిగుసుకుపోయాయి. కాల్షియం ఎక్కించారు. పక్క మంచం మీది రాజంపేట ఆమె, తన చెల్లెలికి బెంగళూరులో ఏదో లైటు వేసి చూశారని, నీకు వేయలేదా అని అడిగింది.

"మా ఆయన అన్నీ కనుక్కోకుండా ఒప్పుకుంటాడా? ఆయప్ప లెక్క తప్పదు" అంది నా భార్య, నా ముందే. నేను సెలైన్ చుక్కలు చూస్తూ నిలబడ్డాను.

మూడేళ్లయింది. రోజుకు ఆరు మాత్రలు. కెమెరా ఉన్నా దక్కేవో లేదో చెప్పలేమన్నారు డాక్టరు. ఆ మాటను ఊరటగా వాడుకునే హక్కు నాకు లేదు.

"డాక్టరు ఆ లైటు సంగతి నీకేమన్నా చెప్పినాడాప్పా?" అని ఆమె ఇప్పటికి ఐదుసార్లు అడిగింది. ప్రతిసారీ నీళ్లు తెస్తానని లేచి వెళ్లాను. ఐదు జవాబులు బాకీ.